బహదూర్ హాజర్

ఆ కొండ మీద గాలి కూడా వరుసలో నడుస్తుందని అక్కడి పశువులు చెప్పుకుంటాయి.

ఒకప్పుడు అక్కడ ఒక పల్టను ఉండేది. సిపాయిలు లారీలెక్కి వెళ్ళిపోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. జెండా లేని జెండా కర్ర మిగిలింది. కప్పు సగం ఊడిన గుర్రపుశాల మిగిలింది. నీలగిరి చెట్ల వెనక, ఎప్పుడూ చెమ్మగా ఉండే పచ్చిక మీద, పదకొండు సమాధులు మిగిలాయి. మనుషులవి కావు. మూడు గుర్రాలవి, ఆరు కంచరగాడిదలవి, నేలలో పూడ్చిన బాంబుల్ని వాసనతో పట్టేసిన ఒక కుక్కది. అన్నిటికంటే ముందు, తెల్ల రాయి కింద, ఒక పొట్టేలుది. పేరు బహదూర్. పెరేడులో పల్టను మొత్తానికీ ముందు నడిచేవాడట, మెడలో ఇత్తడి పట్టీ, పట్టీకి చిన్న గంట. చనిపోయిన రోజున సిపాయిలు టోపీలు తీసి నిలబడ్డారట. ఆ పట్టీని రాయికే తొడిగి వెళ్ళారు.

గుర్రపుశాలలో ఇప్పుడు కింది ఊరి పశువులుంటాయి. వాటిలో గోరింట ఒక మేక. చెవుల చివర్లు ఎర్రగా ఉంటాయని ఆ పేరు. మేస్తూ మేస్తూ ఆగిపోయి, నోట్లో గడ్డి నోట్లోనే ఉంచుకుని, తెల్ల రాయి వైపు చూస్తూ నిలబడిపోయేది. మంచులో ఆ రాయి ఎవరో తన కోసం ఆగి తిరిగి చూస్తున్నట్టుండేది దానికి.

"ఏమే, మళ్ళీ మొదలా?" అనేది ముర్రా పిన్ని. ఆ శాలలో అందరికంటే నల్లటి, అందరికంటే నోరున్న గేదె. "ఆ రాయి నీకు గడ్డి పెడుతుందా?"

"చచ్చిపోయాక కూడా పేరు మిగలడం ఎంత బావుంటుందో కదా పిన్నీ!"

"నన్ను బతికుండగానే పేరు పెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. 'హెయ్' అంటారు. నేను వెళ్ళట్లేదా ఏమిటి?"

పల్టను వదిలి వెళ్ళిన ప్రాణి ఒక్కటే ఇంకా బతికుంది. ముసలి కంచరగాడిద. గిట్ట మీద కాల్చి వేసిన అంకె నలభై ఏడు, అదే దాని పేరు. ముందు కాలు కుంటు కావడంతో లారీలో చోటు దొరకలేదు. వెళ్ళేముందు హవల్దారు దాని చెవి పట్టుకుని, "నలభై ఏడూ, రోజూ జెండా దించే వేళకి వీళ్ళందరి పేర్లూ పిలువు. మేం మరిచిపోయామనుకోకూడదు" అన్నాడట.

అప్పట్నుంచీ వానలోనూ ఎండలోనూ నలభై ఏడు తాత పొద్దు వాలే వేళకి సమాధుల ఎదుట నిలబడేవాడు. ఒక్కో అంకె పిలిచి, ఒక్క ఊపిరి ఆగేవాడు. జవాబు రాదు. తర్వాతి అంకె. నలభై ఆరు దగ్గర మాత్రం రెండు ఊపిర్లు ఆగేవాడు. అది ఆయన జత. బరువుతో పాటు లోయలోకి జారిపోయింది. చివరగా బహదూర్ పేరు. దానికీ నిశ్శబ్దమే. తర్వాత కుంటుకుంటూ శాలలోకి వచ్చి పడుకునేవాడు.

ఆ పుష్యమాసంలో మంచు ఎన్నడూ లేనంతగా కమ్మింది. ఒక తెల్లవారుజామున, ఆకు కూడా కదలని గాలిలో, సమాధుల దగ్గర గంట మోగింది.

టింగ్.

శాలలో నెమరు ఆగిపోయింది.

"నేను బహదూర్‌ని," మంచులోంచి ఒక గొంతు. "నా వరుసలో చోటుంది. ధైర్యమున్నవాళ్ళు ఒక్కళ్ళే రండి. కళ్ళు మూసుకుని నిలబడండి. మీకూ రాయి వేయిస్తాను. మీ పేరూ మిగులుతుంది."

మొదట శాలలోని కోడిపుంజు వెళ్ళింది, రొమ్ము విరుచుకుని. మర్నాటికి వరుస చివర ఒక కొత్త గుండ్రాయి ఉంది. పుంజు లేదు. వారం తర్వాత కంచెలో ఉండే కుందేలు వెళ్ళింది. ఇంకో గుండ్రాయి వెలిసింది. పశువులన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని పడుకోవడం మొదలుపెట్టాయి. గోరింట ఒక్కతే నిద్రపట్టక దొర్లేది, భయంతో కాదు, అసూయతో.

మూడోసారి గంట మోగినప్పుడు ఆ గొంతు తన పేరే పిలిచింది.

"గోరింటా! ఎర్ర చెవుల గోరింటా! రేపు పొద్దు వాలాక రా. నా పక్కనే నీ చోటు."

గోరింట నాలుగు కాళ్ళూ నేల మీద ఆనలేదు. "విన్నారా? నా పేరు ఆయనకి తెలుసు!"

"నీ పేరు కొండంతా తెలుసు, రోజూ అరిచి చెబుతుంటావుగా," అంది ముర్రా పిన్ని. అంటూనే గోరింటకి అడ్డంగా జరిగింది.

నలభై ఏడు తాత మెల్లగా లేచాడు. "అమ్మాయీ, ఇలా రా. ఆ కొత్త రాళ్ళు చూశావా? వంకరగా ఉన్నాయి. సిపాయి పెట్టిన రాయి వరుస తప్పదు. పుంజు ఈకలు తుప్పలో దొరికాయి. ఎవడైనా స్మారకం కట్టేవాడు ఈకలు పీకుతాడా?"

"అయితే ఏమంటావు?"

"అది బహదూర్ కాదంటాను. నేను ఆయన వెనక తొమ్మిదేళ్ళు నడిచాను. ఆయన ఎవర్నీ రమ్మని పిలవలేదు. నడిచేవాడు, అంతే. మేం వెనక వెళ్ళేవాళ్ళం."

గోరింట కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన కల మీద ఎవరో కాలు పెట్టినట్టుంది. "నీకు రాయి లేదని కుళ్ళు తాతా! కుంటివాడివని వదిలేసి వెళ్ళారు. అందుకే నాకూ రాకూడదంటున్నావు!"

తాత తల వంచి తన గిట్ట మీద అంకె చూసుకున్నాడు.

"ఓసి నీ నోరు పడ!" అని ముర్రా పిన్ని కొమ్ము ఊపబోతే తాత ఆపాడు.

"పోనీలే. నువ్వు వెళ్ళు అమ్మాయీ, వద్దనను. ఒక్క మాట మాత్రం ఆయన్ని అడుగు. రేపు సాయంత్రం నేను పేర్లు పిలిచినప్పుడు బదులు పలకమను. నిజంగా బహదూరే అయితే తన పేరుకి తాను పలకడానికేం? 'హాజర్' అనాలి. మూడడుగులు ముందుకు రావాలి. సావధాన్‌లో, అంటే కాళ్ళు జోడించి నిటారుగా, నిలబడాలి. విసర్జన్ చెప్పేదాకా కదలకూడదు. విసర్జన్ అంటే ఇక వెళ్ళొచ్చని. ఇది పల్టనులో ప్రతి జంతువుకీ తెలుసు."

శాల గుమ్మంలోంచి అందరూ చూస్తుండగానే గోరింట పరిగెత్తింది. తెల్ల రాయి వెనక మంచు కదిలింది. తడి కుక్కలాంటి వాసన ఒకటి వచ్చింది. పాత సమాధులు ఇలాగే వాసన వేస్తాయి కాబోలు అనుకుంది గోరింట.

"స్వామీ, మా తాత నిన్ను పేరుకి పలకమంటున్నాడు."

"పలక్కపోతే?"

"రేపు నన్ను రానివ్వడేమో. అందరూ అనుమానపడుతున్నారు."

రాయి వెనక ఎవరో గుటక వేసినట్టయింది. "దానికేం, పలుకుతాను. అన్నట్టు, ఎలా పలకాలో ఆ ముసలాడికి సరిగ్గా గుర్తుందో లేదో చూద్దాం. ఏం చెప్పాడు?"

గోరింట ఒక్క ముక్క వదలకుండా అంతా అప్పజెప్పింది.

"ఊఁ, బాగానే గుర్తుంది," అంది గొంతు. "నువ్వు మాత్రం ముందు వరుసలో నిలబడు. నాకు దగ్గరగా."

మర్నాడు సాయంత్రం పశువులన్నీ నీలగిరి చెట్ల కింద చేరాయి. మంచు నడుముల దాకా వచ్చింది. గేదెల వీపులు నల్లటి దీవుల్లా తేలుతున్నాయి. గోరింట తెల్ల రాయికి నాలుగడుగుల దూరంలో నిలబడింది. గుండె గంటకంటే గట్టిగా కొట్టుకుంటోంది.

తాత కుంటు కాలు సరిచేసుకుని నిటారుగా నిలబడ్డాడు.

"గుర్రం పన్నెండు!"

ఒక ఊపిరి. నిశ్శబ్దం.

"గుర్రం పందొమ్మిది!"

నిశ్శబ్దం. ఎక్కడో ఆకు మీంచి నీటిచుక్క రాలింది.

ఒక్కో అంకె మంచులోకి వెళ్ళి, తిరిగి రాలేదు. నలభై ఆరు దగ్గర రెండు ఊపిర్లు. కుక్క పేరు. ఆ తర్వాత,

"బహదూర్!"

టింగ్.

"హాజర్!"

మంచు చీల్చుకుని ఇత్తడి పట్టీ మెరిసింది. ఒకటి, రెండు, మూడు అడుగులు. తల ఎత్తి, సావధాన్‌లో నిలబడ్డాడు బహదూర్.

బహదూర్‌కి మూతి సన్నగా ఉంది. తోక గుబురుగా ఉంది.

"నక్క!" అని అరిచింది ముర్రా పిన్ని. "ఓరి నీ అమ్మ కడుపు కాలా, నక్క!"

గోరింట ఆ మూతి వంకే చూసింది. తనని పేరు పెట్టి పిలిచింది ఆ పళ్ళా!

నక్క ఇకిలించింది. "పట్టుబడితే పట్టుబడ్డాను, ఏం చేస్తారు? పుంజు రుచిగా ఉంది. కుందేలు మెత్తగా ఉంది. రాయి కావాలని మీరే ఎగబడ్డారు, నేను తరిమి పట్టుకున్నానా? సరే, ఈ లేత దాన్ని కూడా..."

గోరింట మీదికి దూకబోయింది. దూకలేదు.

కాళ్ళ వంక చూసుకుంది. నాలుగు పాదాలూ జోడించి, గడ్డి మీద పాతేసినట్టు నిలబడి ఉన్నాయి. లాగింది. కదల్లేదు.

"ఏయ్ ముసలోడా, ఏం చేశావు నన్ను?"

"నేనేం చేశాను?" అన్నాడు తాత. ఆయన గొంతులోనూ బెరుకు ఉంది. "పేరు పిలిచాను. నువ్వు పలికావు."

"అయితే ఆ మాటేదో చెప్పు! విసర్జన్ అను! వెళ్ళిపోతాను, మళ్ళీ రాను!"

తాత తల అడ్డంగా ఊపాడు. "హవల్దారు నాకు పేర్లు పిలవమని మాత్రమే చెప్పాడు. ఈ వరుసకి విసర్జన్ చెప్పమనలేదు. ఈ వరుసకి అది ఉండదు."

అప్పుడు గంట మోగింది.

టింగ్.

పట్టీ నక్క మెడలోనే ఉంది. నక్క బిగుసుకుపోయి నిలబడి ఉంది. దాని గంట కదల్లేదు. మరి ఈ చప్పుడు ఎక్కడిది?

తెల్ల రాయి ముందు గడ్డి మెల్లగా అణిగింది, ఎవరో అక్కడ అడుగు మోపినట్టు. దాని వెనక మరోచోట అణిగింది. ఇంకోచోట. తోలు జీనుల వాసన, ఉలవల వాసన, చెమట వాసన వచ్చాయి. గిట్టలు నేలని తాకే చప్పుడు, అన్నీ ఒక్కసారే, ఒక్క దెబ్బగా. ముర్రా పిన్ని జన్మలో మొదటిసారి నోరు మూసుకుంది. గోరింట పక్కనుంచి చల్లటి ఊపిరి ఒకటి దాటి వెళ్ళింది. దాని ఎర్ర చెవిని ఏదో ఉన్ని లాంటిది ఒరుసుకుంది, మెత్తగా, మందలించకుండా.

వరుస తిరిగింది. నక్క కూడా తిరిగింది, తిరగనని ఏడుస్తూ. ఎడమ, కుడి, ఎడమ, కుడి. గడ్డి అణుగుతూ అణుగుతూ చెట్ల వైపు వెళ్ళింది. వరుస చివర ఒక గుబురు తోక మంచులో కలిసిపోయింది.

తెల్లారి చూస్తే ఇత్తడి పట్టీ తెల్ల రాయికే ఉంది. మంచు తడిలో ముందు పొట్టేలు గిట్టల జాడ, వెనక గుర్రాలవి, కంచరగాడిదలవి, కుక్క పాదాలు. అన్నిటి వెనక చిన్న పాదాలు, ఈడ్చుకుంటూ.

గోరింట తాత దగ్గరికి వెళ్ళి ఆయన గిట్ట మీద తల పెట్టింది. "తాతా, ఇలా అవుతుందని నీకు తెలుసా?"

"తెలీదమ్మా. అందరి ముందూ సిగ్గుపడి పారిపోతుందనుకున్నాను. ఇన్నేళ్ళుగా పిలుస్తున్నాను, ఎవరూ వినడం లేదనే అనుకున్నాను." తాత తన జత సమాధి వైపు చూశాడు. "అంటే నలభై ఆరు వింటోందన్నమాట రోజూ."

ఆ పగలంతా ఇద్దరూ కలిసి వంకర గుండ్రాళ్ళని కొమ్ముతో, మూతితో నెట్టి వరుసలోకి తెచ్చారు. మోసపోయినా ధైర్యంగా వెళ్ళినవాళ్ళు కదా. ఆ సాయంత్రం నుంచి తాత పుంజుని, కుందేలుని కూడా పిలిచాడు.

"ఓయ్ గోరింటా," అంది ముర్రా పిన్ని దూరం నుంచి, మొహం పక్కకి తిప్పుకుని. "నన్ను కూడా ఓసారి పేరు పెట్టి పిలవరాదూ. బతికుండగానే."

"ముర్రా పిన్నీ!"

"ఆఁ, ఇక్కడే ఉన్నాలే, అరవకు."

ఇప్పటికీ పొద్దు వాలే వేళకి ఆ కొండ మీద పేర్లు పిలుస్తారు. ప్రతి పేరుకీ ఒక ఊపిరి నిశ్శబ్దం. బహదూర్ పేరుకీ నిశ్శబ్దమే. అంతా అయిపోయి తాత వెనక్కి తిరిగాక, ఎవరూ పిలవకుండానే, చెట్ల లోపల్నించి ఒక సన్నటి, అలిసిపోయిన గొంతు వినిపిస్తుంది.

"హాజర్... తాతా, ఆ ఒక్క మాటా చెప్పవూ?"

నీతి: పోయినవాళ్ళ గౌరవాన్ని మెడలో వేసుకున్నవాడు, వాళ్ళ కొలువు కూడా చేయాల్సిందే.