భట్టుగారి ఉగ్రాణం తనిఖీ

నవరాత్రి అన్నదానం జోరుగా సాగుతుండగా భోగనాథరాయలికి ఓ ముచ్చట పుట్టింది.

"ఉగ్రాణంలో ప్రతి జాడీ దాని చీటీ చెప్పిన గదిలోనే ఉందో లేదో ఇవాళే చూడాలి. వంట మాత్రం క్షణం ఆగకూడదు!"

కోట సరుకులన్నీ ఉండేది ఉగ్రాణంలోనే. చీటీలు దాని గుమ్మంలో వేలాడుతుంటాయి. జాడీ గది మారితే ఉగ్రాణం చూసే పోలమ్మ చీటీ కూడా మారుస్తుంది.

"ఓస్, ఇంతేనా!" అని ఉత్తరీయం సవరించుకున్నాడు సభలోని పండితుడు దండిభట్టు. గుమ్మంలో చీటీలన్నీ గడగడా చదివేసి, తాంబూలం నములుతూ తీరిగ్గా గదులన్నీ తిరిగి సభకొచ్చాడు.

"ఘోరం ప్రభూ! తూర్పు గదిలో ఉండాల్సిన నేతి జాడీని పోలమ్మ పడమటి గదిలో దాచింది!"

"అయ్యో నా తండ్రీ! ఇందాక వంటవాళ్లు అడిగితే అటు పంపించా, చీటీ కూడా మార్చా. అమ్మవారి అన్నదానం నేతిలో చేయి పెడతానా?" అని ఏడ్చింది ముసలి పోలమ్మ.

"చీటీలో తూర్పు గది అనే ఉంది, నేను కళ్లారా చదివాను!"

రాయలు కనుబొమలు ముడిచాడు. "పొద్దుగూకేలోగా పోలమ్మ కోట దాటాలి."

రాజుగారిని నవ్వించడం మాచన కొలువు. ముసలిదాని కన్నీళ్లు చూసి ఆ పూట అతనికే నవ్వు రాలేదు. అయినా నవ్వు మొహం పెట్టుకుని లేచాడు.

"భట్టుగారి పద్ధతి అద్భుతం ప్రభూ! సభనూ అలాగే తనిఖీ చేయిద్దాం. ఎవరెక్కడున్నారో ముందు చూసుకుని, ఆ చివర నుంచి ఒక్కో ఆసనం సరిచూస్తూ రమ్మనండి."

అని రాజుగారి చెవిలో ఏదో ఊదాడు.

భట్టు సభంతా కలయజూసి ఆ చివర మొదలుపెట్టాడు. "సేనాపతిగారు... ఉన్నారు." అతను నాలుగడుగులు ముందుకేశాక, వెనకనుంచి రాజుగారు పిల్లిలా వెళ్లి సేనాపతి పక్కన ఇరుక్కుని కూర్చున్నారు.

ఈ చివరికొచ్చేసరికి భట్టు నోరు తెరుచుకుపోయింది. "సింహాసనం... ఖాళీ!"

"అయ్యయ్యో, రాజుగారిని ఎవరో ఎత్తుకుపోయారన్నమాట! ద్వారపాలకుణ్ణి కోట దాటిద్దామా భట్టుగారూ?" అన్నాడు మాచన.

"ఛ, ఛ! రాజుగారు లేచి ఎటో వెళ్లుంటారు!"

"మీరు చూశాక రాజుగారు కదలొచ్చు, మీరు చీటీ చదివాక నేతి జాడీ కదలకూడదా?"

సేనాపతి పక్కనుంచి రాజుగారు పగలబడి నవ్వారు. సభంతా గొల్లుమంది.

"మరి వంట ఆగకుండా ఎలా చూడాలోయ్ మాచనా?" అన్నారు రాజుగారు.

"ఒక్క గది తలుపు మూసి, ఆ గది చీటీలూ జాడీలూ ఒకేసారి సరిచూసి, తెరిచి పక్కగదికి పోవాలి ప్రభూ. మిగతా గదుల్లోంచి సరుకు వెళ్తూనే ఉంటుంది."

రాయలు తన మెడలోని ముత్యాలపేరు మాచనకిచ్చి, పోలమ్మకు పట్టుచీర తెప్పించాడు.

"మరి నాకో ప్రభూ?" అని గొణిగాడు భట్టు.

"మూసిన ప్రతి తలుపు ముందూ నిలబడి, వంటవాళ్ల తిట్లన్నీ నువ్వే తిను!"