భోషాణానికి ఆనించిన గిటారు

మా దేవవరం మామయ్య బేస్ గిటారు నేర్పేటప్పుడు ఏ ప్రశ్నకీ వెంటనే జవాబు చెప్పేవారు కారు. భుజం మీది తువ్వాలు తీసి నాలుగు తీగలూ నెమ్మదిగా తుడిచేవారు. తుడవడం అయ్యేసరికి అడిగినవాళ్ల ప్రశ్న కొంచెం చిన్నదైపోయేదని ఆయన శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ ఏడు పునరుత్థాన పండుగ ముందు శనివారం, పాలకొల్లులో మా ఇంటి వసారాలో ఆయన అలా తుడుస్తూ ఉండగా కెజియా విసురుగా వచ్చింది. ఆ పిల్ల మా చర్చి పాటల బృందంలో కొత్తగా చేరింది. గిటారు పట్టి నాలుగు నెలలైనా కాలేదు.

"మాస్టారండీ, మంచి నాదం ఎక్కడుంటుందండీ? గిటారులోనా, తీగల్లోనా, డబ్బాలోనా?"

ఆమె తొందరకి కారణముంది. అంతకుముందు ఆదివారం తన వాయింపు అందరికీ వినబడాలని, గిటారు మోత పెంచే ఆంప్లిఫయరు డబ్బాకున్న నాబ్‌లన్నీ చివరికంటా తిప్పేసింది. బుయ్యిమన్న మోత ఆడవాళ్ల పాటని మింగేసింది. ముందు వరసలో పాట ఎత్తుకునే పెద్దావిడ సువార్తమ్మగారు ఆ పిల్లని గుమ్మం దగ్గర నిలబెట్టి, "అమ్మాయీ, పచ్చగా ఎదిగిన పాట మీదకి దున్నపోతుని తోలావే!" అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ అంతటితో ఊరుకోలేదు. పండుగనాడు కూడా ఇదే తంతయితే గిటారూ డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసేస్తామని పాస్టరు అయ్యగారి చేత కూడా అనిపించారు.

"కొత్త డబ్బా అయితే బాగా మోగుద్దంటండీ. మా అన్నయ్య భీమవరం నుంచి అద్దెకి తెస్తానన్నాడు. తెమ్మననా?" అంది కెజియా.

మామయ్య తుడవడం ముగించారు. "ముందు ఆ ఉన్నదాని వైరు పీకు."

"పీకితే ఇంకేం వినబడుద్దండీ? దోమ పాడినట్టుంటది!"

ఆయన లోపలున్న నన్ను కేకేశారు. "అమ్మాయ్, భోషాణం ఖాళీ చెయ్యి."

ఆ భోషాణం మా తాతగారిది. కాలవ మీద ధాన్యం మోసిన ఆయన పడవ పాతబడి విరిగితే, అందులో మంచి చెక్కలు ఏరి చేయించుకున్నారు. తాడు ఒరుసుకున్న గాడి మూత లోపల ఇప్పటికీ ఉంది. అమ్మమ్మ కుట్టిన బొంతలు, తాతగారి గొడుగు, అమ్మ ప్రార్థనకి వేసుకున్న ముసుగు అందులో ఉంటాయి. పోయినవాళ్లంతా అక్కడే సర్దుకుని కూర్చున్నట్టు నాకనిపిస్తుంది.

"గిటారుకీ అమ్మమ్మ బొంతలకీ ఏం పొత్తు మామయ్యా?" అన్నాను.

"మా అమ్మ ఏమీ అనుకోదులే. తియ్యి."

ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టాను. ఆయన కెజియాని పీట మీద కూర్చోబెట్టి, గిటారు తలని, అంటే బిరడాలుండే కొసని, భోషాణం చెక్కకి గట్టిగా ఆనించమన్నారు.

"ఇప్పుడు వాయించు."

వాయించింది. చేతిలో ఆఖరి బొంతతో నేను అలాగే నిలబడిపోయాను. కరెంటు లేదు, డబ్బా లేదు, ఖాళీ భోషాణం నిండా ఘుమ్మని నాదం లేచింది! నా అరికాళ్ల కింద గచ్చు కూడా పలికినట్టయింది. "అమ్మో!" అని అరిచి కెజియా మళ్లీ మళ్లీ మీటింది.

మీటేకొద్దీ ఆమె మొహంలో నవ్వు తగ్గింది. నాదంతో పాటు ఇంకేవేవో వస్తున్నాయి. ఒకచోట తీగ జివజివలాడుతోంది. ఒకచోట గోరు టక్కుమంటోంది. తను ముట్టని పక్క తీగ తనంతట తనే గుంయిమంటోంది.

"మాస్టారండీ, ఇవన్నీ నావేనా?"

"భోషాణానికి వేళ్లు లేవు కదమ్మా."

"మరి డబ్బాలో ఇన్నాళ్లూ వినబడలేదేంటండీ?"

"వినబడ్డాయి. సువార్తమ్మగారికి."

ఇక ఆ సాయంత్రం మా ఇంట్లో పండుగ ఒక రోజు ముందే వచ్చేసింది. గిటారు మెడ మీది ఇనప మెట్టుకి ఆనీ ఆననట్టు, దాని వెనకే వేలు నొక్కితే జివజివ ఆగిపోయింది! గోరు కత్తిరించుకుని వేలి కండతో మీటింది. పక్క తీగని ఎలా ఊరుకోబెట్టాలో మాత్రం చాలాసేపు తోచలేదు. చివరికి ఖాళీగా ఉన్న వేళ్లని దాని మీద ఊరికే ఆనించింది, నిద్రపోయే బిడ్డ మీద చెయ్యి వేసినట్టు. అదీ ఊరుకుంది. గట్టిగా మాట్లాడని నేను కూడా పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి "పోయిందే!" అని కేకేశాను. దీపాలు పెట్టే వేళకి ఒక్క స్వరం, బావిలో చేద మునిగినట్టు, గుండ్రంగా నిండుగా పలికింది. మామయ్య మెచ్చుకుంటారని ఇద్దరం చూశాం.

"బొంతలు సర్దుకో అమ్మాయ్," అన్నారంతే.

మర్నాడు తెల్లవారుజామున సమాధుల తోటలో మా వాళ్ల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, పాడుకుంటూ చర్చికి చేరాం. అదే పాత డబ్బా. నాబ్‌లు సగానికే ఉన్నాయి. కెజియా పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనే అయ్యుంటుంది. సువార్తమ్మగారు పల్లవి ఎత్తుకున్నారు. పాట లేచింది! పిల్లల్ని చంకనేసుకుని వెనక నిలబడ్డ తల్లులు కూడా గొంతు కలిపారు. నేను కూర్చున్న బల్ల చెక్కలో తాతగారి భోషాణం మోగుతోంది. స్తోత్రం అనుకుని కళ్లు తుడుచుకున్నాను.

ఆరాధన అయ్యాక సువార్తమ్మగారు అయ్యగారితో అంటుంటే అందరం విన్నాం. "ఆ డబ్బా ఉంటే ఉండనివ్వండయ్యగారూ, ఇవాళ దాని గోలే లేదు. అది సరే, నా గొంతు విన్నారా? ఎన్నేళ్లకి పలికిందో ఇలాగ!"

కెజియా మామయ్య దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. డబ్బా నిలిచినందుకు నవ్వు ఆగడం లేదు, తన పేరే ఎత్తనందుకు కళ్లలో నీళ్లూ ఆగడం లేదు. "చూశారా మాస్టారండీ! నేను వాయించినట్టే ఆవిడకి తెలీలేదు!"

మామయ్య భుజం మీది తువ్వాలు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టారు.

"తీగలు తుడుచుకో," అన్నారు. "ఆవిడ మెచ్చుకున్న ఆ గొంతుని కింద నుంచి మోసిందెవరనుకున్నావు?"