గడపచెక్క నడకబండి

నేను ఇంతవరకు ఏదీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాను. సంతకం పెట్టడం తప్ప కలం పట్టింది లేదు. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మా మనవరాలు తన్వికి రోజూ పడుకునేముందు ఈ కథే కావాలి. చెప్పిన ప్రతిసారీ ఎక్కడో ఓ చోట మారుతుంది. "నిన్న చక్రాలు నాలుగన్నావుగా అమ్మమ్మా! రాసిపెట్టెయ్, అప్పుడింక మార్చలేవు" అంది. అందుకని దాని పాత నోటుబుక్కులో రాస్తున్నాను. చక్రాలు మూడే.

అనగా అనగా, ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో అప్పాయమ్మ అని ఒక అమ్మమ్మ ఉండేది తల్లీ. ఒక ఏడు పెద్ద గాలివానకి ఆవిడ ఇల్లు కూలిపోయింది. మట్టిలోంచి ఆవిడ తీసుకున్నది ఒక్కటే, సింహద్వారం గడప. బారెడు పొడవు, జానెడు వెడల్పు, ఇనుములాంటి చెక్క. ఆ తర్వాత తాటాకు ఇల్లు వేసుకుంది. దాని గుమ్మం ఇరుకు, ఆ గడప పట్టలేదు. మళ్ళీ పెద్దిల్లు కడితే పెట్టుకుందామని పాత చీరలో చుట్టి అటక మీద దాచింది. పన్నెండేళ్ళు అలాగే ఉంది.

పక్కింటి నూకాలు ఊరుకునేది కాదు. "ఇల్లు లేకుండా గడపెందుకు వదినా? తలకింద పెట్టుకుంటావా?" అని నవ్వేది.

అప్పాయమ్మకి ఒక మనవరాలు ఉండేది. పేరు బుల్లి. కూతురూ అల్లుడూ పొద్దున్నే పనికి పోతే బుల్లి అమ్మమ్మ దగ్గరే. దానికి రెండున్నరేళ్ళు వచ్చినా నడక రాలేదు. ఇల్లంతా పిర్రల మీద దేకేది. గుమ్మందాకా దేకి, పసుపు రాసిన మట్టి గడప దగ్గర ఆగేది. అమ్మమ్మ నేర్పినట్టు గడపని ముట్టుకుని కళ్ళకద్దుకునేది. మళ్ళీ వెనక్కి దేకేది. ఒక్కనాడూ దాటలేదు.

పొరుగూరి నాటువైద్యుడు వచ్చి కాళ్ళు పట్టి చూశాడు. "లోపమేమీ లేదమ్మా, భయం. పట్టుకుని నడవడానికి ఏదన్నా ఉండాలి. ఆలస్యం చేస్తే మాత్రం కాళ్ళు సన్నబడిపోతాయి" అన్నాడు.

అప్పుడు అప్పాయమ్మ అటక ఎక్కింది. గడప దించి, వడ్రంగి మల్లాచారి దగ్గరికి మోసుకుపోయింది. "దీంతో మా బుల్లికి నడకబండి చెయ్యి బాబూ" అంది.

మల్లాచారి చెప్పులు విడిచి గడపకి దణ్ణం పెట్టాడు. "తప్పమ్మా! తొక్కకూడనిదాన్ని తెచ్చి నేలమీద ఈడ్పించమంటావా? నా ఉలి దీనిమీద పడదు" అన్నాడు.

"అయితే ఆ ఉలి ఇలా ఇయ్యి" అంది అప్పాయమ్మ.

అతను నవ్వి, ఒక పాత ఉలీ పళ్ళరిగిన రంపమూ ఇచ్చాడు.

నూకాలు చూసి గుండె బాదుకుంది. "రేపు ఇల్లు కడితే ఏం పెడతావు వదినా?"

"ఇల్లు తర్వాత. ముందు గడప దాటే పిల్ల ఉండాలి కదే" అంది అప్పాయమ్మ.

మొదటిసారి ఏం చేసిందంటే, గడపని కోసి బండికి అడుగుచెక్కగా వేసింది. పని మొదలుపెట్టే ముందు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. ఆ తర్వాత విరిగిన రోకలిని బిళ్ళలుగా కోసి మూడు చక్రాలు బిగించింది. బుల్లి దేక్కుంటూ వచ్చింది, పసుపు చూసింది, ముట్టుకుని కళ్ళకద్దుకుంది. అక్కడే చతికిలబడింది. ఎన్నిసార్లు తెచ్చినా అంతే!

"నడవమంటే మొక్కుకుంటోంది, భక్తురాలు!" అని నూకాలు ఒకటే నవ్వు.

రెండోసారి అప్పాయమ్మ బండి విప్పేసింది. అడుగున పాత మంచం పట్టె వేసింది. గడపచెక్కని ఉలితో గీకి పసుపంతా పోగొట్టి, రెండు నిలువు కర్రల మీద పిడిగా పెట్టింది. బుల్లిని తనే ఎత్తి నిలబెట్టింది. అప్పుడు బండి కదిలింది, రోకలి చక్రం టప్పున పగిలింది, బుల్లి ముందుకి పడింది. పెదవి చిట్లి నెత్తురొచ్చింది. ఆ తర్వాత బండిని చూస్తేనే ఏడుపు.

ఆ దారినే పోతున్న మల్లాచారి ఆగాడు. "రోకలి అడ్డంగా కోస్తే పగలక ఏమవుతుంది? పలకలోంచి గుండ్రంగా తియ్యాలి" అని ఎటో చూస్తూ చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంట్లో మందమైన పలక ఒక్కటే ఉంది, అప్పాయమ్మ పెళ్ళినాటి చెక్కపెట్టె మూత. ఆవిడ పెట్టెలోని చీరలు తీసి మూటకట్టింది. మూత ఊడదీసింది.

మూడు రోజులు కోసింది. చేతులు బొబ్బలెక్కాయి. నాలుగోనాడు మల్లాచారి పిలవకుండానే వచ్చాడు. "చక్రాలు గడపవి కావుగా" అని గొణిగి, వాటికి చిల్లులు పొడిచి, ఇరుసు బిగించి, ఆముదం రాసిచ్చాడు. అప్పాయమ్మ నిద్రపోతున్న బుల్లి అరచేతుల్ని కొలిచి, పిడి మీద రెండు చిన్న గుంటలు తొలిచింది.

ఆ మర్నాడు శుక్రవారం. అప్పాయమ్మ మట్టి గడపకి పసుపు రాసింది. మిగిలిన పసుపు, గడపే కదా అని, బండి పిడికీ రాసి బొట్లు పెట్టింది.

బుల్లి దూరం నుంచి చూసింది. దేక్కుంటూ వచ్చింది. ముట్టుకుందామని చెయ్యి చాపింది, అందలేదు. గడప పైనుంది మరి! అప్పుడు బుల్లి మోకాళ్ళ మీద లేచింది. ఆ తర్వాత బండి నిలువు కర్ర పట్టుకుని నిలబడింది. రెండు చేతులూ గుంటల్లో పడ్డాయి. బండి కొంచెం కదిలింది. బుల్లి ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. ఇంకొకటి!

ఆ సాయంత్రం అప్పాయమ్మ అరిసెలు వండి, వరసగా పరిచి, వాటి మీద బుల్లి చేత అడుగులు వేయించింది. అందరికంటే ముందు అరిసె తిన్నది నూకాలే.

కథేమో బండెక్కి కంచికి,
మనమేమో నడిచి మనింటికి,
చెక్కపొట్టేమో పొయ్యిలోకి,
చిన్నితల్లేమో దుప్పట్లోకి.

రాత్రి ఇదంతా చదివి వినిపించాను. "ఆ బండి ఏమైంది అమ్మమ్మా?" అని అడుగుతూనే తన్వి నిద్రపోయింది. దాని పక్కన, ఈమధ్యే గోడ పట్టుకుని లేస్తున్న చెల్లెలు పడుకుని ఉంది.

పొద్దున్నే లేచి అటక ఎక్కాను. పాత బిందెలు జరిపితే బండి దొరికింది. ఒక చక్రం చెద తినేసింది. పిడికేమీ కాలేదు. ఆ గుంటల్లో చేతులు పెట్టి చూశాను. నా వేళ్ళు ఇప్పుడు పట్టడం లేదు.

తీసి దాచుకున్న పాత తలుపు పలక ఒకటుంది. దాని మీద బొగ్గుతో గుండ్రంగా గీశాను. ఎదురింటివాళ్ళు చూస్తారని వీధి తలుపు వేసుకున్నాను. చీకట్లో గీత సరిగ్గా కనపడలేదు. తలుపు బార్లా తీసి, రంపం పట్టుకున్నాను.