ఆరు రేకులు, ఎనిమిది రేకులు

చెక్కపని నేర్పే రుద్రాచారిగారికి ఒక పట్టింపు ఉండేది. శిష్యులు గీసుకొచ్చిన ప్రతి గీత మీదా వేలు పెట్టి, "ఇది నువ్వు పెట్టావా, దానంతటదే వచ్చిందా?" అని అడిగేవారు. జవాబు చెప్పలేనివాళ్లకు ఉలి ఇచ్చేవారు కాదు. సర్వమంగళ ఐదేళ్లుగా చెక్కలు నున్నచేస్తూ చిత్రికే పడుతోంది. అరచేతులు కాయలు కాచాయి గాని, ఉలి మాత్రం చేతికి రాలేదు.

ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది. "ఏది దానంతటదే వచ్చిందో, ఏది మనం పెట్టామో ఎలా తెలుస్తుంది గురువుగారూ?"

ఆయన కొత్త తలుపు చెక్క మీద సుద్దతో రెండు పూలు గీశారు. నడుమ ఒక గుండ్రం, చుట్టూ రేకులుగా ఒకదాన్నొకటి ఆనుకుని గుండ్రాలు. ఒక పువ్వుకు ఆరు రేకులు, రెండోదానికి ఎనిమిది. "వీటిలో ఒకటి నేను పెట్టింది, ఒకటి దానంతటదే వచ్చింది. ఏది ఏదో చెప్పినవాళ్లదే ఈ తలుపు చెక్కే పని" అన్నారు.

పెద్ద శిష్యుడు భుజంగం తడుముకోలేదు. "దానంతటదే వచ్చింది ఎనిమిదే! అష్టదళం శాస్త్రంలోనే ఉందిగా" అన్నాడు. తక్కినవాళ్లు తలలూపారు.

సర్వమంగళకు తెలుసు, తప్పితే మళ్లీ చిత్రికే గతి. లోపలికి పరుగెత్తి గురుపత్నిని గాజులడిగింది. ఆవిడ చేతులు బోసిపోకుండా ఒక్కొక్కటి ఉంచుకుని, ఏడు తీసి ఇచ్చింది. సర్వమంగళ ఒక గాజు మధ్యన పెట్టి, దాన్ని తాకేలా చుట్టూ తక్కినవి పేర్చింది. ఆరోది సరిగ్గా మొదటిదాని పక్కన వచ్చి ఆనుకుంది. సందూ మిగల్లేదు, ఇరుకూ కాలేదు. తర్వాత తన చిన్న గాజులు తీసి పేర్చింది. మళ్లీ ఆరే!

"గాజు సైజు మారినా లెక్క మారలేదు గురువుగారూ! ఆరు దానంతటదే వచ్చింది. ఎనిమిది పట్టించడానికి మీరు నడిమి గుండ్రం పెద్దది చేశారు!"

ఆమె మొహం మతాబులా వెలిగిపోయింది. భుజంగం నమ్మలేక తనూ పేర్చి చూసుకున్నాడు. చూసుకుని, "గెలిచావు చెల్లీ" అని మనసారా నవ్వేశాడు.

రుద్రాచారిగారు తమ ఉలినే తీసి ఆమె చేతిలో పెట్టారు. ఆనందం పట్టలేక ఆమె ఆరు రేకుల పువ్వు మీదికి వంగబోయింది. ఆయన ఆపారు.

"ముందు ఎనిమిది రేకులది చెక్కు తల్లీ. ఆరింటిది తన సంగతి తను చూసుకుంటుంది. దీనికి నువ్వు తప్ప దిక్కు లేదు."