కింది ధార

కామేశానికి కావలసింది ఒక్క మాట. అది వాళ్ళమ్మ నోట రావాలి. తల్లి బతికుండగా సన్యాసం తీసుకునేవాడు ముందు ఆవిడ చేత సరే అనిపించుకోవాలని కామేశం ఉంటున్న మఠంలో కట్టుబాటు. తెల్లవారితే దీక్షకు ముహూర్తం. పేరిందేవమ్మ కూతురి ఊరి నుంచి బండి కట్టించుకుని వచ్చింది గానీ, కొడుకు ఆ ఊసెత్తినప్పుడల్లా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటోంది.

దీక్ష ముందరి ఉపవాసాలతో అతను అప్పటికే సగమైపోయాడు. కళ్ళు లోతుకు పోయాయి. మధ్యాహ్నం గురువుగారు విమలబోధస్వామి దగ్గరకు వెళ్ళి చతికిలబడ్డాడు.

"అడిగి అడిగి నోరు నొప్పెట్టింది స్వామీ. అవుననదు, కాదనదు. జలపాతం చూపించరా అంటుంది."

"చూపించావా?"

"పొద్దున్నే పై ధారకు బయల్దేరదీశాను. అంత ఎత్తు నుంచి పడే నీళ్ళు చూస్తే మనసు కరిగి ఒప్పుకుంటుందనుకున్నాను. సగం కొండెక్కి కూలబడింది. దింపుకొచ్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది."

"కింది ధారకు తీసుకెళ్ళు."

కామేశం మొహం చిట్లించాడు. కింది ధార గోశాల దాటగానే ఉంది. ఎక్కేదీ లేదు, దిగేదీ లేదు. బండరాతి మీంచి నాచును తడుపుకుంటూ చప్పుడు లేకుండా జారుతుంది. దాన్ని చూడ్డానికని ఎవరూ పనిగట్టుకుని వెళ్ళరు.

"అక్కడేముంది స్వామీ, ఆవులు నీళ్ళు తాగే చోటు."

"పద, నేనూ వస్తాను," అని స్వామి లేచారు.

ముగ్గురూ బయల్దేరారు. కామేశం చంకలో ఒక మూట ఉంది. దీక్షలో కట్టుకోబోయే బట్ట అది. కావిరాయి తానే అరగదీసి, తానే రంగులో ముంచి, ఎవరి చెయ్యీ తగలకుండా మడిగా ఆరేసుకున్నాడు. మఠంలో పెడితే ఎవరైనా ముట్టుకుంటారని ఎక్కడికెళ్ళినా చంటిపిల్లలా మోసుకు తిరుగుతున్నాడు. తల్లి వెనకబడిన సంగతి మాత్రం చూసుకోలేదు. స్వామి ఆగారు. ఆవిడ వచ్చి కలిశాక మళ్ళీ నడిచారు.

"బండి కుదుపులకు ఒళ్ళు హూనమైపోయింది స్వామీ," అంది పేరిందేవమ్మ. "కాసేపు నీళ్ళ కింద కూర్చుంటే చాలు."

ముందు నడుస్తున్న కామేశానికి ఆ మాట వినబడింది. ఈవిడ ఒళ్ళునొప్పులకూ తన సన్యాసానికీ ఏమిటి సంబంధం అని విసుక్కున్నాడు.

ధార దగ్గర ఎవరూ లేరు. ఆవిడ అటూ ఇటూ చూడలేదు, బాగుందనీ అనలేదు. తిన్నగా వెళ్ళి కట్టుచీరతోనే నీళ్ళ కింద రాతి మీద కూర్చుని కళ్ళు మూసుకుంది.

కామేశం గట్టు మీంచే మొదలుపెట్టాడు. "అమ్మా, తెల్లారితే ముహూర్తం."

"నీళ్ళు చల్లగా ఉన్నాయిరా."

"ఒక్క మాట చెప్పమ్మా. నా దారికి అడ్డుపడకు."

"కాసేపు కూర్చోనీరా నాయనా."

చాలాసేపు కూర్చుంది. లేచి వచ్చేసరికి దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి. తుడుచుకోవడానికి ఏమీ తెచ్చుకోలేదు పాపం.

"ఎండలోకి రామ్మా, అదే ఆరిపోతుంది," అన్నాడు కామేశం. నీళ్ళు తుళ్ళుతాయేమోనని మూటను ఇంకాస్త పైకి జరుపుకున్నాడు.

స్వామి చెయ్యి చాచారు. గురువు అడిగితే ఇవ్వనని ఎలా అంటాడు? ఇచ్చాడు. స్వామి ముడి విప్పి, ఆ కొత్త కావిబట్టను దులిపి, ఆవిడ తల మీంచి కప్పారు.

"స్వామీ, అది మడి..."

కొత్త రంగేమో, తడి తగలగానే దిగడం మొదలెట్టింది. నెరిసిన జుట్టు మీంచి, చెంపల మీంచి తెల్లచీర మీదికి ఎర్రగా కారింది. ఇన్నాళ్ళ నిష్ఠా కళ్ళెదుటే నీళ్ళపాలవుతుంటే కామేశం ఆపుకోలేకపోయాడు. నేల మీద కూలబడి ఏడ్చాడు.

పేరిందేవమ్మ ఆ బట్ట కొసతోనే మొహం తుడుచుకుని కొడుకు కేసి చూసింది.

"ఎంత చిక్కిపోయావురా," అంది. "ఇంక అడగకు. అడగలేక నువ్వూ, వినలేక నేనూ. ఒప్పుకుంటున్నాను, వెళ్ళు."

కామేశం ఒక్క ఉదుటున లేచి గురువుగారి వైపు తిరిగాడు. చెంపల మీద నీళ్ళింకా ఆరలేదు.

"విన్నారుగా స్వామీ. ఇప్పుడే వెళ్ళి ఇంకో బట్ట ముంచుతాను. తెల్లారేసరికి ఆరుతుంది."

పేరిందేవమ్మ అప్పటికే కావిబట్ట చుట్టుకుని బండకు ఒరిగి కునుకుతోంది. చాపుకున్న కాళ్ళు ఇద్దరికీ కనిపిస్తున్నాయి. పొద్దుటి కొండదారికి పాదాలు చీరుకుపోయి, వేళ్ళ పక్కన బొబ్బలు చిట్లి ఉన్నాయి.

ఆవిడ నిద్ర చెడకుండా స్వామి గొంతు తగ్గించారు.

"నీ అలసట చూసి ఆ తల్లి ఒప్పుకుంది నాయనా. ఆవిడ అలసట నీకు కనబడిన రోజున రా. ముహూర్తం అప్పుడు పెడదాం."