రెండు మడతల తేడా

సుముఖుడి పేరు వినబడితే చాలు, జటాధరుడికి ముద్ద దిగేది కాదు.

కొండ పక్కనున్న ఆ మఠానికి ఒక ఉచిత కంటి ఆసుపత్రి ఉంది. అందులో కంప్యూటర్లన్నీ పెట్టింది జటాధరుడే. మఠంలో చేరకముందు హైదరాబాదులో ఇదే పని చేసి వచ్చినవాడు. ఏ వైరు ఎటు పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. అలాంటిది, పాతబడిన ప్రోగ్రాములన్నిటినీ కొత్తవాటికి మార్చే పనిని గురువు పూర్ణబోధస్వామి నిన్నగాక మొన్న చేరిన సుముఖుడి చేతిలో పెట్టారు.

జటాధరుడు పైకి నవ్వాడు. లోపల ఉడికిపోయాడు.

సుముఖుడి పని తీరు చూస్తే అతనికి ఒళ్లు మండేది. ఆ మనిషి దేన్నీ వెంటనే ముట్టుకోడు. గది గదికీ తిరుగుతాడు. ఈ మిషన్లో ఏ వెర్షను ఉంది, అది దేనితో కలుస్తుంది, దేనితో కలవదు, ఏది ముందు మారిస్తే ఏది ఆగిపోతుంది అని అందరినీ అడుగుతాడు. చీటీలు రాసే అమ్మాయిని కూడా వదల్లేదు.

"పెళ్లిచూపులకు వచ్చినవాడిలా ఇన్ని ప్రశ్నలేంటయ్యా?" అని జటాధరుడు భోజనాల దగ్గర అందరి ముందూ ఎగతాళి చేశాడు. అందరూ నవ్వారు. సుముఖుడు కూడా నవ్వాడు. దాంతో జటాధరుడికి ఇంకా మండింది.

చివరికి సుముఖుడు అతని దగ్గరికీ వచ్చాడు.

"అన్నా, ఆదివారం డేటాబేసు మారుస్తున్నాను. అన్నీ చూసుకున్నాననే అనుకుంటున్నా. నాకు కనబడనిది ఇంకేమైనా ఉందా?"

ఉంది. కంట్లో వేసే లెన్సు ఎంత పవరుండాలో ఆపరేషనుకు ముందు కొలిచే మిషను ఉంది. దాని ప్రోగ్రాము పాతది, కొత్త డేటాబేసుతో కలవదు. ఆ సంగతి పైకి ఎక్కడా తెలియదు. ఎందుకంటే దాన్ని అప్పట్లో ఏదో అడ్డదారిలో కలిపింది జటాధరుడే. ఆదివారం డేటాబేసు మారిందా, సోమవారం పొద్దున ఆ కొలతలు డాక్టరమ్మ దాకా చేరవు. ఊళ్ల నుంచి వ్యానుల్లో వచ్చిన ముసలివాళ్లు ఆపరేషను లేకుండానే తిరిగి వెళ్లాలి.

"ఏం లేదు, కానివ్వు" అన్నాడు జటాధరుడు.

ఆ మాట అంత తేలిగ్గా వచ్చినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది.

శనివారం పరమగురువుల ఆరాధన. సాయంత్రం వారి పాదుకలను పల్లకిలో పెట్టి కొండ చుట్టూ ఊరేగిస్తారు. పూర్ణబోధస్వామి పాదుకలను మెత్తటి గుడ్డతో తుడుస్తూ కూర్చుని ఉండగా జటాధరుడు వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. ఇక ఆపుకోలేకపోయాడు.

"గురువుగారూ, నేనేం తక్కువ చేశాను? ఆసుపత్రిలో ప్రతి మిషనూ నా చేతి మీదుగా వచ్చిందే. ఆ పని వాడికెందుకిచ్చారు?"

"అతను అడుగుతాడు" అన్నారు స్వామి, తుడవడం ఆపకుండా.

"అడగడం ఎవరికి రాదు? సోమవారం రానివ్వండి, వాడెంత మొనగాడో తెలుస్తుంది."

స్వామి తలెత్తి అతని ముఖంలోకి చూశారు.

"ఇవాళ పల్లకి నువ్వు పట్టు నాయనా. ముందు, కుడివైపు."

జటాధరుడు తన చెవుల్ని తనే నమ్మలేదు. ఆ మఠంలో పల్లకి మోసేవాళ్లను పక్కపక్కన నిలబెట్టి, భుజాలు సమంగా ఉన్నాయో లేదో చూసి ఎంచుతారు. మరీ పొడగరి కావడంతో ఇన్నేళ్లలో అతని వంతు ఒక్కసారి కూడా రాలేదు. అదో దిగులు అతనికి. ఇవాళ ఆ దిగులు తీరింది. ఛాతీ విరుచుకుని వెళ్లి బొంగు కింద భుజం పెట్టాడు. ముందు ఎడమవైపు ఎవరున్నారా అని చూస్తే, సుముఖుడు.

పల్లకి లేచింది. నాదస్వరం అందుకుంది.

బొంగు పూచికపుల్లలా ఉంది. ఇంతేనా బరువు అనుకున్నాడు జటాధరుడు. తన బలానికి తనే మురిసిపోయి ఇంకాస్త నిటారుగా నడిచాడు.

మలుపు దగ్గర జనం ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. పాదుకలు పూలతో సహా ఎడమవైపుకు జారుతున్నాయి. సుముఖుడి మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. కాళ్లు వణుకుతున్నాయి. అయినా అడుగు ఆపలేదు.

స్వామి చెయ్యెత్తారు. నాదస్వరం ఆగింది. ఆయన తన ఉత్తరీయం తీసి, మడిచి, సుముఖుడి భుజానికీ బొంగుకూ మధ్య దూర్చారు.

గురువుగారి ఉత్తరీయం. వాడి భుజం మీద. జటాధరుడి గుండెలో ముల్లు దిగినట్టయింది.

స్వామి అతనివైపు తిరిగారు.

"సరిపోయిందా?"

"వాణ్ణే అడగండి" అన్నాడు జటాధరుడు, పళ్లు బిగించి.

"బరువు కింద ఉన్నవాడికి బరువే తెలుస్తుంది. భుజం ఎంత కిందికుందో ఎత్తున ఉన్నవాడికి కనబడుతుంది. నువ్వే చెప్పాలి."

జటాధరుడు పక్కకు చూశాడు. సుముఖుడి భుజం ఎర్రగా కమిలిపోయి ఉంది. అన్నా, నాకు కనబడనిది ఇంకేమైనా ఉందా అని అడిగిన ముఖమే, అదే ఎదురుచూపుతో తనవైపు తిరిగి ఉంది.

అబద్ధం చెప్పడం మొన్నటంత తేలిక కాలేదు.

"ఇంకో రెండు మడతలు" అన్నాడు.

స్వామి మడిచి పెట్టారు. పల్లకి సమంగా నిలబడింది. అప్పుడు మొదటిసారి బొంగు జటాధరుడి భుజంలోకి దిగింది. అబ్బా అనబోయి ఆపుకున్నాడు.

నాదస్వరం మళ్లీ మొదలైంది.

"సుముఖా" అన్నాడు జటాధరుడు, ముందుకే చూస్తూ. "రేపు డేటాబేసు ముట్టుకోకు. లెన్సు కొలిచే మిషనుంది కదా, దాని ప్రోగ్రాము దీనితో కలవదు. ముందు దాన్ని మార్చాలి."

"నాకు తెలియనే తెలియదన్నా."

"నాకు తెలుసు. ఆవేళ నువ్వడిగినప్పుడూ తెలుసు."

సుముఖుడి అడుగు తడబడింది. పల్లకి ఒక్కసారి ఊగింది. వాళ్ల ముందు నడుస్తున్న స్వామి వెనక్కి తిరగలేదు.

"అడుగు కలుపుకుంటూ మాట్లాడుకోండి" అన్నారు.