సూరమ్మ పిట్టలు, శెట్టిగారి కట్టుబాటు

అనగా అనగా, ఓడలు వచ్చి ఆగే ఒక రేవుపట్నం. అక్కడ ధర్మలింగం శెట్టి కట్టించిన అంగడి వారానికొకసారి సాగేది. అందులో దొంగల భయం లేదు, తప్పుడు తూకం లేదు. కొనేవాళ్లంతా అక్కడికే వచ్చేవారు. అమ్మేవాళ్లకు వేరే దారి లేదు.

శెట్టి కట్టుబాట్లు రెండు. అమ్మగా వచ్చిన ప్రతి పది రూకల్లో మూడు తనవి. ఇక, అమ్మేవాళ్లెవరూ తమ ఇంటి జాడ చెప్పకూడదు. చెబితే జనం నేరుగా ఇంటికే పోయి కొంటారని ఆయన భయం.

ఆ అంగడిలో సూరమ్మ కొయ్యపిట్టలు అమ్మేది. తోక లాగితే అవి రెక్కలాడించేవి. మూడు రూకలు పోవడం కష్టంగానే ఉన్నా, "నీడనిచ్చిన చోటు కదా" అని సర్దుకునేది.

ఒక సంతలో జాలరి పోలయ్య వచ్చాడు. "అక్కా, రెక్క ఊడితే మా వాడు వారమంతా ఏడ్చాడు. మీ ఇల్లెక్కడ?"

సూరమ్మ తల దించుకుని అక్కడే బాగుచేసి ఇచ్చింది.

మరో సంతలో ఒక అవ్వ అదే అడిగింది. సూరమ్మ మళ్లీ మాట దాటేసింది.

మూడోసారి ఒక తల్లి పరుగున వచ్చింది. "నీ పిట్టకు కన్నుగా అతికించిన పూస ఊడి మా బిడ్డ గొంతులో పడిందమ్మా! వీపు చరిచి కక్కించాం కాబట్టి బతికింది."

సూరమ్మ గబుక్కున ఆమె చేతిలోని పిట్టను అందుకుంది. తిప్పి చూసింది. ఈమధ్య వాడిన కొత్త జిగురు పూసను గట్టిగా పట్టలేదు. ఇంకా ఎందరి ఇళ్లలో ఉన్నాయో ఈ పిట్టలు!

ఆమె పీట ఎక్కి గొంతెత్తింది. "అమ్మలారా, అయ్యలారా! నా పిట్టల కళ్లు ఊడుతున్నాయి. పసిపిల్లలకు ఇవ్వకండి. ఇరుగుపొరుగుకూ చెప్పండి. మా ఇల్లు ఉప్పు నిలవచేసే కొటారు వెనకాల. ఏ వేళనైనా తెండి, ఊరికే బాగుచేస్తాను."

శెట్టి వచ్చాడు. "కట్టుబాటు తప్పావు. కొట్టు ఖాళీ చెయ్యి."

"తప్పాను, శెట్టిగారూ. నా లాభంలో మీకు వాటా ఉంది. బిడ్డకేమన్నా అయితే ఆ పాపంలోనూ వాటా తీసుకుంటారా?"

శెట్టి బయటికి దారి చూపించాడు. సూరమ్మ బుట్ట సర్దుకుంది.

పక్క కొట్లో బేరమాడుతున్న పోలయ్య కొనబోయిన చెంబు కిందపెట్టేశాడు. "నిజం చెప్పినవాళ్లను గెంటేసే చోట ఏ సరుకు నమ్మి కొనాలి?" అన్నాడు. పక్కనున్నవాళ్లూ ఒక్కొక్కరే సరుకు దించేశారు.

శెట్టికి తత్త్వం బోధపడింది. జనం వస్తున్నది తన గోడలను చూసి కాదు, నమ్మి.

"బుట్ట దించు సూరమ్మా," అన్నాడు మెల్లగా. "ఇకనుంచి ప్రతి సరుకు మీదా చేసినవాళ్ల పేరూ ఇంటి జాడా ఉండాలి. చిన్న కొట్లవాళ్లు పదికి ఒక్క రూక ఇస్తే చాలు."

కొందరు ఇళ్లకే వెళ్లి కొన్నారు. అయినా అంగడికి మునుపటికన్నా ఎక్కువ మంది వచ్చారు. సూరమ్మ పూసలు మానేసి, పిట్టలకు కొయ్యలోనే కళ్లు చెక్కింది. పిల్లలకు అవి ఇంకా నచ్చాయి.

వాటా ఎంత పుచ్చుకున్నా, అంగడిని నిలబెట్టేది నమ్మకమే.